బొమ్మలు చెప్పిన బేరం

కార్టూన్ మధ్యలో ప్రకటన రావడం ఈనాటి పిల్లలకు తెలుసు. ఒకప్పుడు కార్టూన్‌లోని వీరుడే కథ పక్కన పెట్టి, సరుకు చేతపట్టుకుని పిల్లలకు అమ్మేవాడు. టీవీ కార్టూన్ల తొలిరోజుల్లో ప్రాయోజకులు చేసిన ఈ వ్యాపారం గొప్ప బొమ్మలనూ పుట్టించింది, పసివాళ్ళ నమ్మకాన్నీ సొమ్ము చేసుకుంది. చివరికి దానికి అడ్డుకట్ట వేసింది నలుగురు గృహిణులు మొదలుపెట్టిన ఉద్యమం.

ఇద్దరు ఇల్లాళ్ళు పెరట్లో చెమటోడుస్తుంటారు. ఒకామె పచ్చిక కోస్తుంటే ఇంకొకామె తివాచీ దులుపుతుంటుంది. వాళ్ళ మొగుళ్ళిద్దరూ పక్కన నిలబడి చూస్తుంటారు. పాపం ఆడవాళ్ళు అంత కష్టపడుతుంటే చూడలేకపోతున్నామని ఒకరికొకరు చెప్పుకుంటారు. చూడకుండా ఉండాలంటే ఇంటి వెనక్కి పోతే సరి అని తేల్చుకుని, అక్కడికి పోయి చతికిలబడతారు. కునుకు తీద్దామని ఒకడంటే, అంతకంటే మంచి ఆలోచన ఉందని రెండోవాడు సిగరెట్ పెట్టె బయటికి తీస్తాడు. హాయిగా పొగ వదులుతూ ఆ సిగరెట్ రుచి ఎంత బాగుంటుందో వర్ణిస్తారు.

ఆ ఇద్దరూ ఫ్రెడ్ ఫ్లింట్‌స్టోన్, బార్నీ రబుల్. సిగరెట్ పేరు విన్‌స్టన్. తయారీదారు ఆర్.జె.రేనాల్డ్స్. 1960 సెప్టెంబరు 30న అమెరికాలోని ఏబీసీ నెట్‌వర్క్‌లో, శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకు ‘ది ఫ్లింట్‌స్టోన్స్’ మొదలైంది. ఆ కార్యక్రమానికి డబ్బు పెట్టిన ప్రాయోజకులు ఇద్దరు. ఒకరు ఈ సిగరెట్ల కంపెనీ. రెండోది ఆల్కా-సెల్ట్‌జర్ బిళ్ళలు, వన్-ఎ-డే విటమిన్లు అమ్మే మైల్స్ లేబొరేటరీస్. రాతియుగం మనుషుల కుటుంబ హాస్యాన్ని అప్పట్లో పెద్దల కోసమే తీశారు. అయినా ఆ రాత్రి టీవీ ముందు పెద్దల పక్కనే పిల్లలూ కూర్చున్నారు. వాళ్ళకు ఫ్రెడ్ అంటే నవ్వించే మామయ్య. ఆ మామయ్యే సిగరెట్ బాగుంటుందని చెప్పాడు.

ఇప్పుడు ఆ ప్రకటన చూసినవాళ్ళు అది ఎవరో తర్వాత వేళాకోళానికి తయారుచేసిందేమో అనుకుంటారు. కాదు. అది అసలుదే. ఆ రోజుల్లో ఎవరికీ వింతగా తోచని పని.

సొమ్ము పెట్టినవాడిదే తెర

అమెరికా టీవీ తన అలవాట్లను రేడియో నుంచి తెచ్చుకుంది. రేడియో కాలంలో కంపెనీలు కార్యక్రమాల మధ్య నిమిషాలు కొనేవి కావు, ఏకంగా కార్యక్రమాన్నే కొనేవి. కంపెనీ తరఫున ప్రకటనల ఏజెన్సీయే రచయితలను, నటులను కుదుర్చుకునేది. కార్యక్రమం పేరులోనే సరుకు పేరు ఉండేది. టీవీ వచ్చాక కూడా ‘టెక్సాకో స్టార్ థియేటర్’, ‘కోల్గేట్ కామెడీ అవర్’ అదే దారిలో నడిచాయి. 1950ల చివర్లో రెండు మార్పులు వచ్చాయి. ఒక కార్యక్రమం ఖర్చంతా ఒక్క కంపెనీయే భరించడం కష్టమైంది. క్విజ్ పోటీల్లో ముందే జవాబులు చెప్పి గెలిపించారన్న కుంభకోణం బయటపడి, కార్యక్రమాల మీద పట్టును నెట్‌వర్కులు తమ చేతుల్లోకి తీసుకున్నాయి. పెద్దల కార్యక్రమాల్లో ప్రాయోజకుడి పెత్తనం అలా తగ్గుతూ వచ్చింది. కార్టూన్ల దగ్గర మాత్రం అది మరో పదేళ్ళు నిలిచింది.

ఆ సమయానికే కార్టూన్లు తీసేవాళ్ళకు గడ్డుకాలం వచ్చింది. 1957లో ఎంజీఎం సంస్థ తన కార్టూన్ స్టూడియోను మూసేసింది. టామ్ అండ్ జెర్రీతో ఏడు ఆస్కార్లు తెచ్చిన విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఉద్యోగాలు పోయి రోడ్డున పడ్డారు. సినిమా హాళ్ళలో వేసే ఏడు నిమిషాల టామ్ అండ్ జెర్రీకి పదుల వేల డాలర్లు ఖర్చయ్యేది. టీవీ వాళ్ళు ఐదు నిమిషాల కార్టూన్‌కు ఇస్తామన్నది సుమారు మూడు వేలు. ఆ డబ్బుతో కదలికలన్నీ గీయడం అయ్యే పని కాదు. అందుకని తల, నోరు, చేయి మాత్రమే కదిలే పద్ధతికి దిగారు. వాళ్ళ కార్టూన్ పాత్ర యోగి ఎలుగుబంటి మెడకు కాలర్, టై ఎందుకున్నాయో ఇక్కడే తెలుస్తుంది. కాలర్ దగ్గర గీత పెడితే మొండెం బొమ్మను అలాగే ఉంచి తలను మాత్రం మళ్ళీ మళ్ళీ గీసుకోవచ్చు. అతుకు కనబడదు. పిల్లలకు అది ఎలుగుబంటి సోకు. గీసేవాళ్ళకు అది ఖర్చు తగ్గించే ఉపాయం.

ఇంత పొదుపు చేసినా సరే, కొనేవాడు కావాలి. ఆ కొనేవాడు మిషిగన్ రాష్ట్రం బాటిల్ క్రీక్ పట్టణం నుంచి వచ్చాడు.

కోడిపుంజు కూసిన కథ

కార్న్‌ఫ్లేక్స్ తయారుచేసే కెలాగ్స్ కంపెనీ, షికాగోలోని లియో బర్నెట్ ఏజెన్సీ ద్వారా హన్నా-బార్బెరా కార్టూన్లను కొనుక్కుంది. 1958లో ‘హకల్‌బెరీ హౌండ్ షో’, 1959లో ‘క్విక్ డ్రా మెక్‌గ్రా’, 1961లో ‘యోగి బేర్ షో’ వచ్చాయి. ఇవి ఒకే నెట్‌వర్క్‌లో వచ్చినవి కావు. ఊరూరా ఉన్న స్టేషన్లలో కెలాగ్స్ తానే సమయం కొని, ఫిల్ము పెట్టెలు పంపించి ప్రసారం చేయించింది. అంటే అరగంటంతా ఆ కంపెనీదే. మొదటి బొమ్మ నుంచి చివరి అక్షరం దాకా తనకు నచ్చినట్టు అమర్చుకునే వీలు దానికి దొరికింది.

ఆ అమరిక ఎలా ఉండేదో చూస్తే ప్రాయోజక కార్టూన్ పనితీరు మొత్తం అర్థమవుతుంది. టైటిల్స్‌లోనే కార్న్‌ఫ్లేక్స్ పెట్టె మీదుండే కోడిపుంజు తెర మీదికి వచ్చేది. ప్రారంభ గీతంలో ప్రాయోజకుడి పేరు వినిపించేది. ఒక్కో షోలో మూడు చిన్న కార్టూన్లు ఉండేవి. వాటి మధ్య హకల్‌బెరీ హౌండ్ అనే నీలిరంగు కుక్క, యోగి, ఇతర పాత్రలు కలిసి మాట్లాడుకునే చిన్న ముక్కలు పెట్టేవారు. ఆ ముక్కల్లోంచే ప్రకటనలోకి జారుకునేవారు. అక్కడా అవే బొమ్మలు, అవే గొంతులు, అవే హాస్యం. హకల్‌బెరీకి, యోగికి, క్విక్ డ్రాకు గొంతు ఇచ్చింది డాస్ బట్లర్ ఒక్కడే. కథలో విన్న గొంతే ఇప్పుడు గిన్నెలో పాలు పోసుకుని తినమని చెప్పేది. షో ముగిశాక కూడా వచ్చే వారం కలుద్దామంటూ మళ్ళీ ఆ కంపెనీ పేరే.

టీవీలో చెప్పింది చాలదన్నట్టు అంగడి అరల్లోకీ బొమ్మలు దిగాయి. ‘షుగర్ స్మాక్స్’ పెట్టె మీద క్విక్ డ్రా మెక్‌గ్రా గుర్రం ముఖం, ‘ఓకేస్’ పెట్టె మీద యోగి బేర్ నిలబడ్డారు. టీవీలో చూసిన యోగి, పిల్లవాడు అమ్మతో కలిసి దుకాణానికి వెళితే వాడి కంటి ఎత్తున కనబడేవాడు. షుగర్ స్మాక్స్ బరువులో సగానికి పైగా చక్కెరే. ఆ మాట దాచాల్సిన అవసరం కూడా ఆనాడు కంపెనీకి కనిపించలేదు. పేరులోనే చక్కెర అని గర్వంగా రాసుకుంది. ఆ పదాన్ని పెట్టెల మీంచి తీసేయాలని అనిపించింది 1980లలో.

అలాగని ఆ షోలు నాసిరకం సరుకేమీ కాదు. ‘హకల్‌బెరీ హౌండ్ షో’ 1960లో ఎమ్మీ అవార్డు గెలుచుకుంది. ఆ గౌరవం పొందిన మొదటి యానిమేషన్ కార్యక్రమం అదే. పెద్దవాళ్ళు కూడా ఇష్టపడి చూశారు. కెలాగ్స్ డబ్బు లేకపోతే యోగి లేడు, హన్నా-బార్బెరా స్టూడియో ఆ వేగంతో ఎదిగేదీ కాదు. ఈ కథలో చిక్కంతా ఇక్కడే ఉంది. మంచి కళకు పెట్టుబడి పెట్టినవాడే ఆ కళను నమ్మిన పిల్లల దగ్గర వసూలు చేసుకున్నాడు.

పెబుల్స్ ఆడపిల్ల ఎందుకైంది?

ఫ్లింట్‌స్టోన్స్‌ను అమ్మడానికి బార్బెరా న్యూయార్క్‌లో ఎనిమిది వారాలు తిరిగాడు. ప్రకటనల ఏజెన్సీలు, ప్రాయోజకులు, నెట్‌వర్కుల ముందు బొమ్మలు గోడకంటించి, పాత్రలన్నీ తానే నటించి చూపించేవాడు. అందరూ నవ్వేవారు, ఎవరూ కొనేవారు కాదు. అరగంట నిడివి కార్టూన్‌ను రాత్రిపూట పెద్దల సమయంలో అంతకుముందు ఎవరూ వేయలేదు. చివరికి ఏబీసీ సాహసించింది.

మొదటి రెండు సీజన్ల ఫ్లింట్‌స్టోన్స్‌ను రంగుల్లోనే తీశారు. కానీ ఏబీసీ అప్పటికి రంగుల ప్రసారం మొదలుపెట్టలేదు. ఆ నెట్‌వర్క్‌కు రంగులొచ్చింది 1962లో. మళ్ళీ మళ్ళీ అమ్ముకోవచ్చని స్టూడియో కథలను రంగుల్లో తీసింది. ప్రకటన మాత్రం ఆ సీజన్‌తో పని అయిపోయే సరుకు. అందుకే విన్‌స్టన్ ప్రకటనలు నలుపు తెలుపుల్లోనే మిగిలాయి. ఏది నిలుస్తుందో, ఏది పోతుందో లెక్కగట్టి మరీ రంగులు వేశారు.

మూడో సీజన్‌లో ఫ్రెడ్, విల్మా దంపతులకు బిడ్డ పుట్టాలని రచయితలు అనుకున్నారు. తొలుత అనుకున్నది మగబిడ్డ. బార్బెరా తర్వాతి కాలంలో పలుమార్లు చెప్పినదాని ప్రకారం, ఆడపిల్ల అయితే బొమ్మలు బాగా అమ్ముడుపోతాయని ఐడియల్ టాయ్ కంపెనీ వైపు నుంచి మాట రాగానే కథ మారిపోయింది. 1963 ఫిబ్రవరిలో పెబుల్స్ పుట్టింది. బొమ్మ బజారులోకి వచ్చింది, విపరీతంగా అమ్ముడుపోయింది. ఒక కథలో బిడ్డ ఆడో మగో బొమ్మల దుకాణం తేల్చిందన్నమాట.

చూసేవాళ్ళలో పిల్లలే ఎక్కువని తేలేకొద్దీ ప్రాయోజకులూ మారారు. సిగరెట్ స్థానంలో వెల్చ్ కంపెనీ ద్రాక్షరసం, జెల్లీ వచ్చాయి. 1964 జనవరిలో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక పొగతాగడానికి, ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఉన్న సంబంధాన్ని తేల్చిచెప్పింది. 1971 జనవరి 2 నుంచి అమెరికా టీవీ, రేడియోల్లో సిగరెట్ ప్రకటనలు చట్టం ప్రకారం ఆగిపోయాయి. మైల్స్ లేబొరేటరీస్ మాత్రం ఫ్రెడ్‌ను వదల్లేదు. 1960లు ముగిసేలోగా ఫ్లింట్‌స్టోన్ పాత్రల ఆకారంలో నమిలే విటమిన్ బిళ్ళలు తెచ్చింది. సీరియల్ 1966లోనే ముగిసింది. దాని ప్రాయోజకుడి సరుకు మాత్రం ఇవాళ్టికీ, బేయర్ కంపెనీ చేతుల్లో, అమెరికా మందుల షాపుల్లో దొరుకుతోంది. పోస్ట్ కంపెనీ 1971లో తెచ్చిన ‘ఫ్రూటీ పెబుల్స్’, ‘కోకో పెబుల్స్’ అల్పాహారాలు కూడా అంతే.

ఏజెన్సీయే స్టూడియో అయితే

కెలాగ్స్ కార్టూన్లను కొంది. దాని పోటీదారు జనరల్ మిల్స్ మరో అడుగు ముందుకు వేసింది. దాని ఏజెన్సీ డాన్సర్ ఫిట్జ్‌జెరాల్డ్ శాంపిల్. 1959లో మొదలైన ‘రాకీ అండ్ హిజ్ ఫ్రెండ్స్’ను చౌకగా గీయించడం కోసం మెక్సికోలో స్టూడియో నిలబెట్టడానికి ఆ ఏజెన్సీ వాళ్ళే పూనుకున్నారు. ఆ కార్టూన్ నిర్మాత జే వార్డ్ బృందం రాసిన చురుకైన మాటలు హాలీవుడ్‌లో రికార్డయ్యేవి, బొమ్మలు మెక్సికోలో తయారయ్యేవి. అందులోని బుల్‌వింకిల్ అనే దుప్పి కథ మధ్యలో జనరల్ మిల్స్ వారి చీరియోస్ తింటూ కనిపించేది.

ఇంకో అడుగు కూడా పడింది. అదే ఏజెన్సీలో పనిచేసిన కొందరు బయటికి వచ్చి ‘టోటల్ టెలివిజన్’ అనే సంస్థ పెట్టారు. ‘కింగ్ లియొనార్డో’, ‘టెనెసీ టక్సెడో’, 1964లో వచ్చిన ‘అండర్‌డాగ్’ వాళ్ళవే. అండర్‌డాగ్ బొమ్మకు రూపం ఇచ్చిన జో హారిసే ట్రిక్స్ కుందేలుకూ రూపకర్త. పిల్లల తిండి తినాలని ఆశపడి ప్రతిసారీ భంగపడే ఆ కుందేలు జనరల్ మిల్స్ ప్రకటనల కోసం పుట్టింది. వీరుడినీ, అమ్మకాల బొమ్మనూ గీసింది ఒకే చెయ్యి. 1969లో జనరల్ మిల్స్ తప్పుకోగానే టోటల్ టెలివిజన్ కూడా మూతపడింది.

జే వార్డ్ కూడా ప్రకటనల పనితోనే బతికాడు. 1963లో క్వేకర్ ఓట్స్ కోసం ‘కెప్టెన్ క్రంచ్’ పాత్రను ఆయన స్టూడియోయే తెర మీద నడిపించింది. ఈ కెప్టెన్ గొంతూ డాస్ బట్లర్‌దే. ఆనాటి అమెరికా పిల్లవాడు ఏ కంపెనీ గిన్నె ముందు కూర్చున్నా దాదాపు అదే మనిషి మాట వినేవాడు.

ఈ దారికి చివరి మెట్టు 1964లో వచ్చిన ‘లైనస్ ద లయన్‌హార్టెడ్’. ఇందులో కథలోంచి పాత్రలు పెట్టె మీదికి రాలేదు. పెట్టె మీది పాత్రలే కథలోకి వచ్చాయి. పోస్ట్ కంపెనీకి ‘క్రిస్పీ క్రిటర్స్’ అనే సరుకు ఉండేది, దాని గుర్తు లైనస్ అనే సింహం. ‘షుగర్ క్రిస్ప్’ గుర్తు షుగర్ బేర్. ‘ఆల్ఫా-బిట్స్’ గుర్తు ఒక పోస్ట్‌మ్యాన్. వీళ్ళందరినీ కలిపి ఓ అరగంట కార్టూన్ అల్లారు. కథ నడిచినంతసేపూ ప్రకటనే నడిచింది. సింహం కనబడితే చాలు, సరుకు గుర్తొస్తుంది. ప్రకటన కోసం కథ ఆపాల్సిన పనే లేకుండా పోయింది.

కోకకోలా క్రిస్మస్

ప్రాయోజకుల పాత్రను ఒక్క మాటలో తేల్చేయలేమని చెప్పడానికి ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ను మించిన ఉదాహరణ లేదు. చార్ల్స్ షుల్జ్ గీసిన పీనట్స్ పాత్రలు టీవీలో మొదట కదిలింది ఫోర్డ్ ఫాల్కన్ కార్ల ప్రకటనల్లోనే. వాటికి ప్రాణం పోసిన బిల్ మెలెండెజ్, నిర్మాత లీ మెండెల్సన్, షుల్జ్ కలిసి 1965లో ఒక అరగంట క్రిస్మస్ కథ తీశారు. అడిగింది మెకాన్ ఎరిక్సన్ ఏజెన్సీ. డబ్బు కోకకోలాది. 

కథ ఏమిటి? క్రిస్మస్ పండుగ వ్యాపారమైపోయిందని చార్లీ బ్రౌన్ అనే పిల్లవాడు దిగులుపడతాడు. అందరూ మెరిసే అల్యూమినియం చెట్లు కొంటుంటే వాడు బక్కచిక్కిన అసలు మొక్కను తెస్తాడు. చివర్లో లైనస్ అనే స్నేహితుడు బైబిల్‌లోని క్రీస్తు జనన ఘట్టాన్ని చదివి వినిపిస్తాడు. నవ్వుల ట్రాక్ లేదు. పాత్రలకు నిజం పిల్లలే గొంతులిచ్చారు. సంగీతం విన్స్ గ్వరాల్డి జాజ్. చూసిన సీబీఎస్ నెట్‌వర్క్ అధికారులకు నచ్చలేదు. 1965 డిసెంబరు 9న ప్రసారమైంది. ఆ సమయంలో టీవీ చూస్తున్న ఇళ్ళలో దాదాపు సగం దీన్నే చూశాయి. ఎమ్మీ, పీబడీ పురస్కారాలు వచ్చాయి.

పండుగ వ్యాపారమైపోయిందని బాధపడే ఆ కథ తొలి ప్రసారంలో, మంచు మీద జారుతూ విసురుగా వెళ్ళిన లైనస్ ఒక కోకకోలా బోర్డుకు గుద్దుకుంటాడు. చివర్లో మీ ఊరి కోకకోలా బాటిలర్ల తరఫున శుభాకాంక్షలు వచ్చేవి. ప్రాయోజకుడు మారాక ఆ ముక్కలు తీసేశారు. ఇప్పుడు చూసేవాళ్ళకు ఆ బోర్డు ఉండేదని కూడా తెలియదు. కోకకోలా ఆ కథలో ఒక్క మాట మార్పించలేదు. బైబిల్ ఘట్టాన్ని తీసేయమనలేదు. మంచి ప్రాయోజకుడు ఎక్కడిదాకా రావాలో, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడానికి ఆ అరగంట పనికొస్తుంది.

జపాన్‌లో చాక్లెట్ డబ్బా

జపాన్‌లో ఇదే పద్ధతి ఒక పరిశ్రమకే పునాది అయింది. 1963 జనవరి 1న ఫుజీ టీవీలో ఒసాము తెజుకా తీసిన ‘తెత్సువాన్ ఆటమ్’ మొదలైంది. బయటి ప్రపంచం దాన్ని ఆస్ట్రో బాయ్ అంటుంది. వారం వారం అరగంట కార్టూన్ తీయడానికయ్యే ఖర్చు కంటే చాలా తక్కువ ధరకే తెజుకా ఒప్పుకున్నాడు. ఆ లోటును పూడ్చింది పాత్రల హక్కుల అమ్మకం. ప్రాయోజకుడు మెయిజీ మిఠాయిల కంపెనీ. దాని ‘మార్బుల్ చాక్లెట్’ గొట్టంలో ఆటమ్ స్టిక్కర్లు పెట్టారు. పిల్లలు ఎగబడ్డారు.  అదే ఏడాది వచ్చిన ‘తెత్సుజిన్ 28’ పాట చివర గ్లికో కంపెనీ పేరు వినబడేది. తక్కువ ధరకు తీయడం, మిగతాది బొమ్మలు, మిఠాయిలతో రాబట్టుకోవడం అనే లెక్క అప్పటి నుంచి జపాన్ యానిమేషన్‌ను వదల్లేదు. గీసేవాళ్ళ తక్కువ జీతాలకు మూలం అక్కడే ఉందని ఆ రంగంలో చాలామంది ఇప్పటికీ తెజుకాను తప్పుపడతారు.

అదే దేశంలో కాల్పిస్ పానీయాల కంపెనీ ఆదివారం రాత్రుల్లో ఒక కార్టూన్ వేదికను నడిపింది. 1974లో ఆ వేదిక మీద వచ్చిందే ‘హైదీ’. దర్శకుడు ఇసావో తకహాతా. దృశ్యాల అమరిక హయావో మియజాకి. తర్వాత స్టూడియో జిబ్లీని నిలబెట్టింది ఈ ఇద్దరే. హైదీ పాలు తాగుతుంది, జున్ను తింటుంది గానీ కాల్పిస్ సీసా ఎత్తి చూపదు.

నలుగురు తల్లులు

1968లో మసాచుసెట్స్ రాష్ట్రం న్యూటన్ పట్టణంలో పెగ్గీ చారెన్ అనే గృహిణి ఇంట్లో ఒక చిన్న బృందం మొదలైంది. మొదట్లో నలుగురు. పేరు ‘యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్’. శనివారం పొద్దుటి కార్టూన్లలో గంటకు 16 నిమిషాల దాకా ప్రకటనలకు వీలుండేది. రాత్రిపూట పెద్దల కార్యక్రమాలకున్న పరిమితి కంటే ఇది ఎక్కువ. కొనే శక్తి లేని పసివాళ్ళకు, కొనే శక్తి ఉన్న పెద్దలకంటే ఎక్కువగా అమ్ముతున్నారన్నమాట. 1970లో ఈ బృందం ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు ఫిర్యాదు పెట్టింది. లక్షకు పైగా పౌరులు కమిషన్‌కు తమ అభిప్రాయాలు రాశారు.

గాలి మారింది. 1968లో మేటెల్ కంపెనీ తెచ్చిన బొమ్మకార్ల పేరుతోనే 1969లో ఏబీసీ ‘హాట్ వీల్స్’ కార్టూన్ వేసింది. పోటీ బొమ్మల కంపెనీ ఫిర్యాదు చేస్తే, ఇది కార్యక్రమం వేషంలో ఉన్న ప్రకటనేనన్న వాదనతో కమిషన్ ఏకీభవించింది. 1971లో అది తెర మీంచి పోయింది. లైనస్ సింహం అప్పటికే 1969లో వెళ్ళిపోయింది. ఫ్రెడ్ ఆకారపు విటమిన్లను పిల్లలు మిఠాయిలనుకుని మింగేస్తారన్న ఆందోళనతో చారెన్ బృందం పోరాడింది. 1972లో మైల్స్‌తోపాటు మరో రెండు మందుల కంపెనీలు పిల్లల కార్యక్రమాల్లో విటమిన్ ప్రకటనలు మానుకున్నాయి.

1974లో కమిషన్ విధానం ప్రకటించింది. కార్యక్రమంలోని పాత్రగానీ, నడిపే మనిషిగానీ అదే కార్యక్రమంలో సరుకులు అమ్మకూడదు. కథకూ ప్రకటనకూ మధ్య స్పష్టమైన గుర్తు ఉండాలి. కార్టూన్ మధ్యలో ఇప్పుడే వస్తామని చెప్పే చిన్న ముక్కలు అమెరికా టీవీలో అలా స్థిరపడ్డాయి. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకు ప్రకటన వెనకున్న ఉద్దేశం తెలియదన్న పరిశోధనలు ఆ చర్చకు బలమిచ్చాయి. 1978లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మరింత కఠినంగా, చిన్నపిల్లలకు ప్రకటనలే వద్దనాలని చూసింది. కంపెనీలు, పత్రికలు, చివరికి కాంగ్రెస్ కూడా ఎదురుతిరిగి ఆ ప్రయత్నాన్ని అణిచేశాయి.

1984లో కమ్యూనికేషన్స్ కమిషనే వెనక్కి తగ్గింది. ఆంక్షలు సడలాయి. అప్పటికే వచ్చిన హీ-మ్యాన్ వెంట ట్రాన్స్‌ఫార్మర్స్ లాంటి బొమ్మల కంపెనీల కార్టూన్లు వరద కట్టాయి. దూరదర్శన్‌లో హీ-మ్యాన్‌ను ఇష్టంగా చూసిన మన పిల్లలకు, అది మేటెల్ 1982లో బజారులోకి తెచ్చిన బొమ్మకు అల్లిన కథ అని తెలియదు. 1990లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనలను వారాంతాల్లో గంటకు పదిన్నర నిమిషాలకు, మామూలు రోజుల్లో పన్నెండు నిమిషాలకు కట్టడి చేసింది. పని పూర్తయిందని పెగ్గీ చారెన్ 1992లో తన సంస్థను మూసేశారు. 1995లో ఆమెకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ వచ్చింది.

కత్తెరకు పోయిన సాక్ష్యం

మన దేశంలో కార్టూన్ నెట్‌వర్క్ 1995లో అడుగుపెట్టింది. హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ కేబుల్ ఉన్న ఇళ్ళలో పిల్లలు యోగిని, ఫ్లింట్‌స్టోన్స్‌ను చూసింది అప్పుడే. వాళ్ళకు కోడిపుంజూ తెలియదు, విన్‌స్టన్ పెట్టే తెలియదు. ప్రాయోజకుల ఒప్పందాలు ముగిశాక, మళ్ళీ అమ్ముకోవడానికి ఆ గుర్తులన్నీ కత్తిరించేశారు. ఫ్లింట్‌స్టోన్స్ మొదటి రెండు సీజన్లకు వేరే టైటిల్ సంగీతం ఉండేది. మూడో సీజన్ నుంచి వచ్చిన పాటనే, అందరికీ తెలిసినదాన్నే, పాత ఎపిసోడ్లకూ అతికించారు. చాలా ఏళ్ళ తర్వాత గానీ అసలు టైటిల్స్ తిరిగి రాలేదు. ఎన్నో ప్రకటనలు, మధ్య ముక్కలు ఫిల్ము సేకర్తల దగ్గర దొరికిన 16 ఎంఎం రీళ్ళలోనే బతికాయి.

వీటిని వెతికి దాచడం పాత జ్ఞాపకాల మోజు అనుకోకూడదు. ఫ్రెడ్ సిగరెట్ వెలిగించిన ఆ రీలు లేకపోతే, పిల్లలకు ప్రియమైన బొమ్మ చేత సిగరెట్ అమ్మించారన్న మాట ఎవరూ నమ్మరు. చట్టాలు ఎందుకు వచ్చాయో తెలియాలంటే, చట్టాలకు ముందు తెర మీద ఏముండేదో చూడగలగాలి. పురావస్తు శాఖ రాతి పలకను కాపాడినంత శ్రద్ధగా ఈ నిమిషం నిడివి ఫిల్ములనూ కాపాడాలి.

ఇక మన ఇంట్లో

బొమ్మకూ సరుకుకూ ఉన్న బంధం ఇప్పుడు తెలుగు నేల మీదా ఉంది. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ స్టూడియోలో రాజీవ్ చిలక సృష్టించిన ‘ఛోటా భీమ్’ 2008 నుంచి పోగో ఛానల్‌లో వస్తోంది. భీమ్ బొమ్మతో చొక్కాలు, సంచులు, ఆటవస్తువులు వచ్చాయి. వాటిని అమ్మడానికి ఆ సంస్థ సొంత దుకాణాలూ పెట్టింది. మన ఊరి స్టూడియో తన బొమ్మ మీద సంపాదించుకోవడం తప్పు కాదు, గర్వించాల్సిన విషయమే. హద్దు ఎక్కడన్నదే ప్రశ్న.

మన దేశంలో ఆ హద్దును కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో గీసింది. తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద అది ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం చిప్స్, గ్యాస్ నింపిన శీతల పానీయాల్లాంటి జంక్‌ఫుడ్ ప్రకటనలు పిల్లల కార్యక్రమాల మధ్యగానీ, పిల్లల ఛానళ్ళలోగానీ వేయకూడదు. రాసుకున్న నియమం మంచిదే. అయితే ఇవాళ్టి పిల్లలు టీవీ కంటే ఫోన్‌లోనే ఎక్కువ చూస్తున్నారు. అక్కడ బొమ్మ పెట్టె విప్పి చూపించే చిన్నారికీ, కథ చెప్పే యాంకర్‌కూ ఎవరు డబ్బిచ్చారో చాలాసార్లు తెలియదు. కథకూ అమ్మకానికీ మధ్య అమెరికా 1974లో గీసిన గీత టీవీకే. ఫోన్ తెరకు అలాంటి గీత ఇంకా గట్టిగా పడలేదు. 1960లో ఫ్రెడ్ ఎక్కడ నిలబడ్డాడో, ఈనాటి వీడియోల్లోని ముద్దు ముఖాలు దాదాపు అక్కడే నిలబడి ఉన్నాయి.

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. పిల్లలు చూస్తున్నప్పుడు వారానికి ఒకసారైనా పక్కన కూర్చోండి. ఈ వీడియోకు డబ్బు ఎవరిచ్చారు, చివర్లో ఏం కొనమంటున్నారు అని వాళ్ళనే అడగండి. పిల్లల ఛానల్‌లో జంక్‌ఫుడ్ ప్రకటన కనిపిస్తే తేదీ, సమయం, ఛానల్ పేరు రాసి పెట్టుకోండి. ఫిర్యాదు చేయడానికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.